మా అవ్వ కట్టిన సామెత

నా చిన్నప్పుడు, మద్రాసులో ట్రాములు ఆగిపోయినా వాటి పట్టాలు ఇంకా రోడ్ల మీద కనబడుతున్న రోజుల్లో, తంగసాల వీధి దగ్గర మాదొక ఉమ్మడి ఇల్లు. మా పెదనాయనకు మిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ఏం చెప్పినా చివర ఒక సామెత తగిలించేవాడు. సామెత పడిందంటే ఇక ఎవరూ మాట్లాడకూడదు.

మా ఇంటి పక్క భాగంలో అద్దెకుండేవాళ్ళ అమ్మాయికి, నేను అక్కా అని పిలిచే ఆమెకు, పసితనంలో అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. ట్రైనింగు ముగించుకుని పెరంబూరులో ఒక చిన్న బడిలో టీచరుగా చేరింది. సాయంత్రాలు నాకు లెక్కలు చెప్పేది, జడ వేసేది. పొద్దున ఆమె బయల్దేరే వేళ, పెదనాయన కొట్టుకు పోయే వేళ ఒకటే. ఒకరోజు ఆయన గడప దాటుతూ ఆమెను చూసి, అలాంటివాళ్ళు ఎదురైతే పని చెడుతుందనే పాత సామెతొకటి వీధి అంతా వినేలా చదివి, చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు. ఆ సామెతను నేను ఎన్నడూ నోట పలకలేదు, ఇక్కడా రాయను. తాను వీధి మలుపు తిరిగేదాకా ఆ పిల్ల బయటికి రాకూడదని ఆమె తండ్రికి కబురు కూడా పంపాడు.

అద్దెకుండేవాళ్ళు ఏమంటారు? అక్క సంచి పట్టుకుని తలుపు వెనకాలే నిలబడేది. పెదనాయన తీరిగ్గా తాంబూలం వేసుకున్న రోజున ఆమెకు బస్సు తప్పిపోయేది. ఇలాగే ఆలస్యమైతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని బడిలో చెప్పేశారట. నాకు జడ వేస్తూ మెల్లగా ఆ సంగతి అంది. నేను పోయి మా అవ్వకు చెప్పాను. అవ్వ అంటే పెదనాయనకూ మా నాయనకూ తల్లి.

అవ్వ ఆయన్ని పిలిచి, "ఆ సామెత ఎవురు కట్టినార్రా?" అని అడిగింది.

"పెద్దలు. వాళ్ళు ఊరికే అంటారా?" అన్నాడాయన.

మర్నాడు అవ్వ కొళాయి దగ్గర బిందె పెట్టి, ఆడవాళ్ళతో మాటల మధ్యలో అంతకుముందు ఎవరూ వినని సామెతొకటి వాడింది. బేరం చేతకాని వర్తకుడు ఎదురొచ్చినవాళ్ళ మొహాన్ని తిడతాడని దాని అర్థం. ప్రాస బాగా కుదిరింది, వింటే నవ్వొచ్చేది. పూలమ్మే ఆమెకు చెప్పింది, పాలవాడికి చెప్పింది. అరవవాళ్ళు తమ భాషలోకి మార్చుకుని మరీ వాడుకున్నారు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం భోజనాల దగ్గర పెదనాయన పక్కకొట్టు ఆసామిని ఎగతాళి చేస్తూ ఆ సామెతే అన్నాడు. మన పూర్వీకులు ఎంత తెలిసినవాళ్ళో అని మెచ్చుకున్నాడు కూడా.

అవ్వ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "ఆ పూర్వీకురాలిని నేనేరా. మొన్న కాఫీ గింజలు వేయిస్తా కట్టినాను."

"నువ్వా?" అన్నాడాయన.

"నీ పాత సామెతా ఇట్లా పుట్టిందే. యాడనో ఒక కొట్టువాడు బేరం చెడగొట్టుకుని, పెండ్లానికి జవాబు చెప్పలేక కట్టుంటాడు. నీలాంటోళ్ళు దాన్ని ఈడిదాకా మోసుకొచ్చినారు. రేపట్నించి ఆ బిడ్డ తన టైముకు పోతాది. ఎదురు పడకూడదంటే నువ్వే లోపల కూచో."

"ఈ ఇంటికి పెద్దోణ్ణి నేను," అన్నాడాయన.

"నిన్ను కన్నదాన్ని నేను," అంది అవ్వ.

మర్నాడు పొద్దున అవ్వ తిన్నె మీద కూర్చుని, నన్ను పంపి అక్కను పిలిపించింది. ఇల్లు ఖాళీ చేయమంటే ఏం చేసేదని అక్క భయపడింది. "నేనుండంగా ఎవురు చేయిస్తారు?" అంది అవ్వ. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వీధి మధ్యలోంచి నడిచి పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా పెదనాయన తలుపు లోపలే నిలబడ్డాడు. ఆయన మనసు మారిందని చెప్పలేను. చివరిదాకా ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవాడు. అక్క మాత్రం ఆ బడిలోనే హెడ్మిస్ట్రెస్ అయి రిటైరయింది.

నాకిప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. పెళ్ళిచూపుల్లోగానీ చావింట్లోగానీ, పెద్దలన్నారంటూ ఎవరైనా ఒక మనిషిని తగ్గించే మాట తీస్తే, ఏ పెద్దలు, ఎవరిని, ఏం పని పడి అన్నారని అడక్కుండా ఉండలేను. నోరు ఎక్కువని బంధువుల్లో పేరు పడింది. పడనీ. జవాబు వచ్చేదాకా నేను అక్కణ్ణుంచి లేవను.