తండ్రులకూ పరీక్ష పెట్టిన సారు

మొన్న మంగళవారం పొద్దున షాపు షట్టరు సగం లేపానో లేదో ఫోన్ వచ్చింది. "అన్నా, లెక్కల సారు పోయిండు" అన్నాడు ఆయన ఇంటి పక్కతను. పెరుగన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. ఎనభై దాటినాయన. దవాఖాన లేదు, సూదుల్లేవు, పైపుల్లేవు. బాధ తర్వాత వచ్చింది. ముందు మాత్రం, దాచుకోవడమెందుకు, హమ్మయ్య అనిపించింది. మా అందరినీ మూడేసి గంటలు కదలకుండా కూర్చోబెట్టిన మనిషి, తాను పోవడానికి మాత్రం ఐదు నిమిషాలు కూడా తీసుకున్నట్టు లేదు.

ఇబ్రహీంపట్నంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇంటికొకరు ఉంటారు. నేను చదువుకోలేదు. పరీక్ష మాత్రం రాశాను.

అప్పట్లో మా వైపు చేలన్నీ రంగురంగుల జెండాలు పాతించుకుని ప్లాట్లవుతున్నాయి. బొంగులూరు దగ్గర రింగ్ రోడ్డు పడుతోంది. సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. పిల్లలు ఇంటర్‌లో ఉన్న ప్రతి ఇంటికీ ఎంసెట్ జ్వరం. నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఊళ్లో బడిలో పదో తరగతి దాకా వచ్చాను, అదీ బడికి నా మీద జాలి కలిగి. నా బిడ్డ అట్లా కాదు, లెక్కలంటే ప్రాణం. ఇంటర్ రెండో ఏడు ఆమెను సారు దగ్గర చేర్చాను.

సారు సర్కారు బడిలో రిటైరై, ఎరువుల దుకాణం పైగదిలో ట్యూషన్ చెప్పేవారు. ఆదివారం వస్తే మోడల్ ఎంసెట్. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు, సరైనదాని సున్నాను పెన్సిలుతో నల్లగా దిద్దాలి. తప్పు దిద్దితే మార్కులు కోసేది లేదు. ఇదంతా అందరూ పెట్టేదే. సారు దగ్గర మాత్రం ఇంకో రూలుండేది. పిల్లల వెంట ఇంట్లోంచి ఒక పెద్దమనిషి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని అదే పేపరు రాయాలి.

"సారూ, నాకేమొస్తదని రాయమంటున్రు?" అన్నాను మొదటి రోజు.

"ఒకటి నుంచి నాలుగు దాంక వస్తయా? గంతకు మించి అడగరు."

"రాసి ఏం జెయ్యాలె?"

"ఇంటికి పోయి బిడ్డను తిట్టేటప్పుడు యాదికొస్తది."

నా పక్కన ప్లాట్లు అమ్మే ఒకాయన కూర్చున్నాడు. "సారూ, ఫోనొస్తే ఎత్తొచ్చా?" అని అడిగాడు.

"ఎత్తు. పదో ప్రశ్నకు జవాబేందో జర ఆయన్నడుగు" అన్నారు సారు.

నేను ప్రశ్నలు చదివే శ్రమ పెట్టుకోలేదు. నూట అరవైకీ మూడో సున్నా దిద్దేసి, మిగిలిన టైమంతా ఫ్యాను చూశాను. సారు మార్కులు గోడకు అంటించేవారు కాదు. ఎవరి చీటీ వాళ్లకు మడిచి ఇచ్చేవారు. నా చీటీలో నలభై ఒకటి. బిడ్డ చీటీలో ముప్పై ఎనిమిది.

నాలాంటివాడు ఇది వదులుతాడా? మెట్లు దిగుతూనే మొదలుపెట్టాను. టీ కొట్టు దగ్గర చెప్పాను. కందుకూరు నుంచి మోటారు తెచ్చిన రైతుకు చెప్పాను. "మా ఇంట్ల సీటు నాకే వచ్చేటట్టుంది, బ్యాగు కొనుక్కోవాలె" అని మూడు రోజులు అందరినీ నవ్వించాను. నాలుగో రోజు నా భార్య అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అన్నది: "పిల్ల ఎంసెట్ ఫారం నింపదట. ఇగ ఆ పరీక్షే రాయదట."

"ఎందుకట?"

"నువ్వున్నవ్ గద రాస్తానికి."

కంచం జరిపి లేచి సారు దగ్గరికి పోయాను. ఆయనకు అప్పటికే తెలుసు. పిల్లల చిత్తు కాగితాలు కూడా పారేయనివ్వని మనిషి. బిడ్డవి తీసి నా ముందు పరిచారు.

"గిది సూడు. లెక్క చేసింది, జవాబు కరెక్టే. దిద్దలే. గిది గూడ అంతే. గిది గూడ." ఆయన వేలు కాగితాల మీద జరుగుతూనే ఉంది. "నూరుకు పైన చేసింది. దిద్దినయి నలభై."

"ఎందుకు సారూ?"

"కాలేజీల ఎన్ని తప్పులుంటే అన్ని నిమిషాలు నిలవెడ్తరట. లెక్కలు రాక కాదు, దిద్దుడంటే భయం." కాగితాలు మళ్లీ దొంతి పెడుతూ అన్నారు: "నీ జోకు నా దాంక వచ్చింది. మంచిగనే ఉంది. నవ్వినోళ్లల్ల ఆమె లేదు."

ఇన్నేళ్లలో నన్ను చాలామంది తిట్టారు. అంత మెత్తగా, అంత లోతుగా ఎవరూ తిట్టలేదు.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఆదివారం రా. ఈసారి ఖాయంగ తెలిసినయే దిద్దాలె. అందాజగ ఒక్కటి దిద్దినా మళ్ల రానియ్య."

ఫారం సంగతి తర్వాత చూద్దాం, ఈ ఒక్క ఆదివారం రాసి పొమ్మని బిడ్డకూ కబురు పంపారు. వచ్చింది. నాతో మాట్లాడకుండా ముందు బెంచీలో కూర్చుంది.

తెలియని ప్రశ్నలతో బాధ లేదు, వదిలేస్తూ పోయాను. నడుమ ఒకటి తగిలింది. రాగి తీగ మందం మార్చకుండా పొడవు రెండింతలు చేస్తే కరెంటుకు అడ్డు ఎంత పెరుగుతుంది? పదిహేనేళ్లుగా నా చేతులు చేసే పనే అది. రెండింతలు. రెండో సున్నా. పెన్సిలు ఆనించాను. తప్పయితే? రోజూ తీగ చుట్టేవాడికి ఇదీ రాదా అంటే? పెన్సిలు లేచింది. మళ్లీ ఆనించాను, మళ్లీ లేచింది. గంట కొట్టేసరికి నా కాగితం అచ్చయినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది.

సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "తీగ ప్రశ్న గూడ తెల్వదా?"

"తెలుసు సారూ. తప్పయితదేమోనని."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

ఇంటికి నడుస్తూ బిడ్డతో చెప్పాను. "తీగ ప్రశ్న నాకొచ్చు బిడ్డా. దిద్దలేకపోయిన."

"రెండోది గద బాపు."

"అవ్, రెండోదే. చెయ్యి రాలే."

నా చేతిలోని కాగితం తీసుకుని విప్పి చూసింది. "అయితే ఇప్పుడు నీకు సున్న."

"సున్ననే."

"గిది గూడ టీ కొట్టుకాడ చెప్తవా?"

చెప్పాను. ఎవరూ పెద్దగా నవ్వలేదు. తెల్లారి బిడ్డ ఫారం నింపింది. ఆ తర్వాతి ఆదివారాల్లో ఆమె బెంచీ దగ్గరికి వచ్చినప్పుడల్లా సారు ఒకే మాట అనేవారు: "తప్పు దిద్దితే సున్న. వదిలేస్తే గూడ సున్న. ఇంక ఫికర్ దేనికి?" ఆమె దిద్దే సున్నాలు వారం వారం పెరిగాయి.

ఆమె ఇప్పుడు కరెంటాఫీసులో ఇంజినీరు. మంగళవారం ఫోన్ చేసి చెప్పాను. "నిద్రలనే పోయిండా బాపు?" అని అడిగింది. నిద్రలోనే అన్నాను. "పోనీ, మంచిగ పోయిండు" అని అప్పుడు ఏడ్చింది.

నాకు మాత్రం అసలు ఎంసెట్ రోజే కళ్లలో మెదులుతోంది. సాగర్ రోడ్డు మీద కాలేజీ గేటు, నడినెత్తిన ఎండ. ఎవరూ రమ్మనకుండానే సారు స్కూటరేసుకుని వచ్చారు. బిడ్డ కోసం నీళ్ల సీసాకు తడిగుడ్డ చుట్టి తెచ్చారు. మూడు గంటలూ దాన్ని చంకలోంచి తీయలేదు. పది నిమిషాలకోసారి నాతో "ఫికర్ జెయ్యకు" అంటున్నారు. నేను ఏమీ అనడం లేదు.

గేటు తెరిచారు. గుంపులోంచి బిడ్డ వచ్చింది.

"ఎన్ని వదిలినవ్?" అన్నారు సారు.

"ఒక్కటి గూడ వదల్లే సార్."

సీసా కోసం ఆమె చెయ్యి చాపింది. సారు మూత తీసి, తల వెనక్కి వాల్చి, ఆ నీళ్లన్నీ గటగటా తానే తాగేశారు. గడ్డం మీంచి కారి అంగీ ముందంతా తడిసింది. బిడ్డ చాపిన చెయ్యి అట్లాగే ఉంచి, నవ్వుతూ ఆయన్నే చూస్తోంది.