అప్పలమ్మ డబ్బాలో ఏముంది

2022, వానలు వెనకపట్టిన రోజులు. జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో మా ఇల్లు, పని మాత్రం ఊరి చుట్టుపక్కల పొలాల్లో. రైతుల్ని రసాయనాల నుంచి ప్రకృతి వ్యవసాయంలోకి మళ్లించే ప్రాజెక్టులు నిజంగా నడుస్తున్నాయా, కాగితం మీదేనా అని చూసి చెప్పడం నా ఉద్యోగం. మా భాషలో ఇది ఇన్నోవేషన్ సిస్టమ్ అసెస్‌మెంట్. కొత్త పద్ధతి ఎవరి నుంచి ఎవరికి చేరిందో ఆరా తీయడమన్నమాట. సగం పోలీసు ఉద్యోగమని మావారు వెక్కిరిస్తారు.

ఆ ఏడు భుయ్యాడీహ్ వైపు, సువర్ణరేఖ ఒడ్డున కూరగాయలు పండించే ఆడవాళ్ల గుంపు నా వంతుకొచ్చింది. చాలామందివి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. నాయకురాలు అప్పలమ్మ. నా రిపోర్టు బాగుంటే గుంపుకి సాయం కొనసాగుతుంది. లేకపోతే పేరు కొట్టేస్తారు.

మొదటి రోజే నాకు తేడా కొట్టింది. "ఎవరు నేర్పారు?" అంటే అందరూ "ట్రైనింగులో" అన్నారు. "తోటకి పోసే జీవామృతంలో ఏం కలుపుతారు?" అంటే "పేడ, పంచితం, బెల్లం, శెనగపిండి." ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకే వరస. తోటలు చూస్తే పచ్చగా ఉన్నాయి, ఏ ఇంట్లోనూ బెల్లం జాడ మాత్రం లేదు. దొంగచాటుగా యూరియా వేస్తున్నారని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

మా పనిలో ట్రయాంగ్యులేషన్ అని ఒకటుంది. ఒకే మాటను మూడు వైపుల నుంచి సరిచూడటం. చెప్పింది విన్నాను, రిజిస్టరు చూశాను. ఇక నా కళ్లతో చూడాలి. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లాను. అప్పలమ్మ మూత బిగించిన పాత పెయింటు డబ్బాతో గట్టు మీద ఎదురైంది. నన్ను చూడగానే డబ్బాని చీర చాటుకి జరిపింది.

"అందులో ఏముంది అప్పలమ్మా?"

"ఏటీ నేదమ్మా. కుడితి."

"మూత తియ్యండి."

"వద్దమ్మా, వాసనొత్తాది."

నేనే తీశాను. గుప్పున పులిసిన వాసన కొట్టింది. "తోట పేరు చెప్పి సారా కాస్తున్నారా?" అని అరిచాను కూడా.

అప్పలమ్మ గట్టు మీద కూలబడింది. "పిల్లల మీద ఒట్టు తల్లీ, సారా కాదు. హండియా పిప్పి. మా పక్కింటి ఫూల్‌మణి ఇత్తాది. బెల్లం మాకెక్కడిదమ్మా? దీన్నే పేడలో కలిపి పులియబెడతన్నాం. తాగుడు సరుకని తెలిత్తే పేరు కొట్టేత్తారని సెప్పనేదు."

హండియా అంటే ఇక్కడి ఆదివాసీ ఇళ్లలో అన్నం పులియబెట్టి చేసే పానీయం. వడకట్టాక మిగిలే పిప్పిని ఎప్పటినుంచో ఫూల్‌మణి తన వంగమడికి వాడుతోంది. ఆమె పెరటికి వెళ్లి చూశాను. గుంపులో ఎవరి తోటా దానికి సాటిరాదు. ఆడవాళ్లంతా ఆమెను చూసే నేర్చుకున్నారు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారో నేను గీసిన మ్యాపులో మాత్రం బాణం గుర్తులన్నీ ట్రైనింగు హాలు నుంచే బయల్దేరాయి. ఫూల్‌మణి పేరు ఎక్కడా లేదు. నాకు సిగ్గేసింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఊరికే అన్నారా!

"ఇది మీరు నేర్పిందేనని రిపోర్టులో రాస్తాను" అన్నాను ఫూల్‌మణితో, హిందీలో.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నిన్నంతా నేను వాళ్లని చూసిన చూపే అది. "లిఖ్ లో దీదీ, రాసుకో. రేపు ఏ సాహబో వచ్చి ఇదే పని నాకు నేర్పుతాడు, అంతేగా?" అంది.

పుస్తకం తీసి ఆమె పేరు రాసుకున్నాను.

రిపోర్టులో ఫూల్‌మణి, అప్పలమ్మ ఇద్దరి పేర్లూ రాశాను. హండియా మాట తీసేసి 'స్థానిక ద్రావణం' అని పెట్టమని పైనుంచి కబురొచ్చింది. తియ్యనని చాలా రోజులు పట్టుబట్టాను. చివరికి రిపోర్టు ఎలా ఉందో అలాగే వెళ్లింది, అప్పలమ్మ గుంపు నిలబడింది. ఆ సంతోషంలో, పైవాళ్లు ఆ పద్ధతిని తర్వాత ఏం చేస్తారో పట్టించుకోలేదు.

మరుసటి ఏడు 'స్థానిక ద్రావణం' మీద శిక్షణ పెట్టారు. కాగితాలు నా దగ్గరికే తనిఖీకి వచ్చాయి. నేర్పినవారి గడిలో ఎవరో ఆఫీసరు పేరు ఉంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల జాబితాలో, అప్పలమ్మ పేరు కింద, ఫూల్‌మణి సంతకం ఉంది.

అనుమానించడం నేను మానలేదు. కాకపోతే ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా, డబ్బాల కంటే ముందు హాజరు పట్టీని అనుమానిస్తాను.