మూడో దెబ్బ

మల్కాపురం అప్పలసూరిని పోర్టులో అందరూ లీడరనే పిలుస్తారు. ఆ పిలుపు వినపడితే చాలు, అతని మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

ఓడ అడుగున బొగ్గు ఎత్తే పన్నెండు మందికి అతను మేస్త్రీ. రోజుల తరబడి మూసి ఉంచిన బొగ్గు గదిలో ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. గాలి పరీక్షలు ఎన్ని ఉన్నా, ఆ గ్యాంగుకు తమదైన కట్టుబాటు ఒకటుంది. ముందు మేస్త్రీ ఒక్కడే దిగాలి. అడుక్కి చేరాక ఇనుప నిచ్చెన మీద కొక్కెంతో మూడు దెబ్బలు కొట్టాలి. మూడోది వినపడ్డాకే మిగతావాళ్లు దిగుతారు.

మూడేళ్ల కిందట ఒక పొద్దున అప్పలసూరికి మోకాలు పట్టేసింది. మోకాలే అనుకుందాం. భయమని అతను తనకు తాను కూడా చెప్పుకోలేదు. "ఇయ్యాల నువ్వు దిగు బావా," అన్నాడు గ్యాంగులోని నాగబాబుతో. నాగబాబు నవ్వుకుంటూ దిగాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. అంతే.

దిగబోయిన పదకొండు మందినీ అప్పలసూరి చేతులు అడ్డంపెట్టి ఆపాడు. ఆపకపోతే అందరూ పోయేవారే. కానీ విచారణలో, "నాను ఆగమన్నాను బాబూ, ఆడే తొందరపడి దిగీసాడు," అనేశాడు. దాంతో బతికినవాడు లీడరయ్యాడు, చచ్చినవాడు దుడుకువాడయ్యాడు. ఇంత చవగ్గా ఎవరికి దొరుకుతుంది పెద్దరికం!

అప్పట్నుంచి ఆ రెండు దెబ్బలు అతన్ని వదల్లేదు. భార్య అల్లం దంచినా, పక్కింట్లో మేకు కొట్టినా, రెండు లెక్కపెట్టి ఊపిరి బిగబడతాడు. మూడోది వినపడుతుంది, కానీ అది ఓడ అడుగునుంచి వచ్చింది కాదు.

మొన్న కంపెనీవాళ్లు నాయకత్వం మీద క్లాసు పెట్టారు. పాఠం చెప్పే హిమబిందు మేడమ్ అతన్ని లేపి, "లీడరంటే ఏమిటో మీరే చెప్పాలి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాల టీ గ్లాసులు సర్దుతోంది నూకాలు, నాగబాబు భార్య. ఆమెకు ఆ పని ఇప్పించింది కూడా అప్పలసూరే.

"లీడరంటే ముందు దిగీవోడమ్మా," అన్నాడు. "ఆ రోజు దిగాల్సింది నాను. ఆడు తొందరపడనేదు. నానే దిగమన్నాను."

నూకాలు ట్రే కింద పెట్టి అతని ముందుకొచ్చింది. కొడితే బాగుండును అనుకున్నాడు.

"పెళ్లాం పిల్లలు గుర్తు రానేదా నీకు అని ఆడినే తిట్టుకుంటా, మూడేళ్లనుండీ ఆడి ఫొటోని గోడకేసి తిప్పీసాను అన్నియ్యా," అంది. "ఒక్క దండైనా ఎయ్యనేదు."

గ్లాసులు అక్కడే వదిలేసి, గబగబా ఇంటికి నడిచింది.