నల్లబడిన బొట్టు

నాగశ్రీ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నందుకు నేనే రాస్తున్నాను.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర నాదో చిన్న షాపు. ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు, ఈమధ్య వెబ్‌సైట్లు కూడా చేస్తున్నాం. వెబ్‌సైట్ల పనంతా నాగశ్రీదే, నేను పేరుకే ఓనర్ని. రోజూ నందిగామ నుంచి బస్సులో వస్తుంది. ఆమె భర్త నవీన్‌బాబు కీసర దగ్గర హైవే మీద బైకు జారిపడి చనిపోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి నుదుట చిన్న నల్ల స్టిక్కరు పెట్టుకుంటుంది. వీరులపాడులో సొంత తమ్ముడి నిశ్చితార్థానికి వెళితే, కుంకుమ భరిణె ఆమెను దాటుకుని పక్కావిడ చేతికి వెళ్ళిందట.

"పర్లేదక్కా, మన షాపులో రంగులన్నీ నా చేతిలోనేగా" అని నవ్వేసింది. నాకైతే ఆ తమ్ముడి చెవి మెలిపెట్టాలనిపించింది.

ఆమె అన్నది నిజమే. అసలు ఫొటోను ముట్టుకోదు. పేజీ రంగూ రూపూ ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ కోడులో ఒక్క లైను రాసి, పేజీలో ఆ ఫొటో మీద ఫిల్టర్ వేస్తుంది. మసకగా ఉన్న మొహాలు వెలుగులోకి వస్తాయి. సిమెంటు దుమ్ములో తీసిన ఫొటోలు తేటపడతాయి. "ఫొటో ఎక్కడికీ పోదక్కా, మనకి కనబడేదే మారుద్ది. లైను తీసేస్తే మళ్ళీ మామూలే" అంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

కిందటేడు వర్తకుల సంఘానికి సైటు చేశాం. అందులో సభ్యుల కుటుంబాల ఫొటోలుంటాయి. చనిపోయినవారి ఫొటోలు నలుపు తెలుపులో ఉండాలన్నారు. నాగశ్రీ గ్రేస్కేల్ నూరు శాతం అని ఒక్క లైను రాసిపెట్టింది. పేరు ముందు కీర్తిశేషులు అని చేరిస్తే చాలు, ఆ ఫొటోలో రంగులు వాటంతటవే పోతాయి.

పప్పుల హోల్‌సేల్ వ్యాపారి రాధాకృష్ణమూర్తిగారి భార్య పుష్పవతిగారు పోయిన నెలకి, ఆయన ఫోను పట్టుకుని షాపుకొచ్చారు.

"చూడమ్మా, మా ఆవిడ బొట్టు నల్లగా అయిపోయింది."

పుష్పవతిగారు రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకునే మనిషి. రంగులు తీసేస్తే ఎరుపు నలుపులాగే కనబడుతుంది.

"ఆవిడ పుణ్యస్త్రీగా వెళ్ళిపోయిందమ్మా. నా చేత్తో బొట్టు పెట్టి పంపించా. నల్లబొట్టు మొగుడు పోయినవాళ్ళు పెట్టుకునేది. నేనింకా బతికే ఉన్నా కదా!"

ఆ మాట నాగశ్రీ మొహంలోకి చూస్తూనే అన్నారు. కళ్ళనిండా నీళ్ళు, ఆమె నుదురు ఆయనకు కనబడి ఉండదు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏడుస్తున్న ముసలాయన్ని ఏమంటాం?

"ఆ లైను తీసేద్దామా అండీ? రంగులొచ్చేస్తాయి" అంది నాగశ్రీ.

"వద్దమ్మా. రంగుల్లో ఉంటే బతికున్నట్టే ఉంటది, చూడలేను. బొట్టొక్కటి ఎర్రగా చెయ్యి, చాలు."

ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. ఫిల్టర్ ఫొటో మొత్తాన్నీ పట్టుకుంటుంది, బొట్టొక్కదాన్ని వదలమంటే వదలదు. ఫొటో పైన విడిగా ఒక ఎర్రచుక్క పెట్టాలి. నాగశ్రీ కాగితం మీద లెక్క వేసుకుంది. కీబోర్డు దాకా వెళ్ళిన చేతులు వెనక్కి తీసుకుంది.

"అక్కా, ఈ లైను మీరు కొట్టండి. నేను చెప్తా."

"నీ చేతులకేమైంది?"

"రేపు ఎవరో ఒకళ్ళు ఆయనకి నా సంగతి చెప్తారు. మా ఆవిడకి బొట్టు పెట్టింది ఆ పిల్లా అని కుమిలిపోతాడు. ఎందుకక్కా."

నువ్వే పెట్టు అనాల్సింది. ఆమె కుర్చీలో కూర్చున్నాను.

"ఎడమ నుంచి నలభై తొమ్మిది శాతం. పైనుంచి ముప్పై ఒకటి. కుంకుమ రంగు."

కొట్టాను. చుక్క కనుబొమకు తగిలింది. "కొంచెం పైకి. ముప్పై" అంది, ఎదుటి మనిషికి బొట్టు దిద్దుతున్నట్టే చూస్తూ. ఈసారి సరిగ్గా నుదుటి మధ్య పడింది.

మూర్తిగారు లోపలికొచ్చి, ఫోనులో చూసుకుని కళ్ళకద్దుకున్నారు. కుర్చీలో ఉన్నది నేను కాబట్టి నా వైపే తిరిగారు. "మంచి చేత్తో పెట్టావు గీతాంజలీ. పసుపు కుంకుమలతో చల్లగా ఉండమ్మా" అన్నారు. పక్కనే నిలబడి నాగశ్రీ చిన్నగా నవ్వింది. పెట్టింది ఆమేనండీ అనాల్సింది పోయి, ఆ దీవెనకి తల వంచాను.

వారం తిరక్కుండానే ఒక పెళ్ళి వెబ్‌సైటు పని వచ్చింది. ఫొటోలు చూసి, నాగశ్రీ వాటిని నా సిస్టంలోకి పంపేసింది.

"పెళ్ళిది మీరు చెయ్యండక్కా. రంగులు నేను చెప్తా."

అప్పుడూ నేను సరేనన్నాను. వీరులపాడులో ఆ పక్కావిడ ఎవరో నాకు తెలియదు. మా షాపులో మాత్రం, నాగశ్రీని దాటించి భరిణె అందుకున్నది నేనే.