పిడికెడు కొర్రలు

లిదియమ్మ ఎవరు ఎదురొచ్చినా ముందు పాదాలకేసి చూస్తుంది. ముఖం తర్వాత. ఆత్మకూరు పక్క పల్లెలో, చర్చి గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విప్పుతారు. ఆదివారం ఆమె చూపంతా అక్కడే. ఉబ్బిన వేళ్లు, మానని పగుళ్లు, రంగు తిరిగిన గోళ్లు.

భర్తకు బొటనవేలి పుండుతో మొదలయింది. షుగర్ అన్నారు. నెల్లూరులో మోకాలి కిందికి కాలు తీసేశారు. ఏడాది తిరక్కుండా మనిషే పోయాడు. ఇప్పుడు తమ్ముడు జయపాల్‌కు అదే వేలు, అదే చోట.

జయపాల్ బద్వేలు రోడ్డులో లారీ తోలుతాడు. కట్టు కట్టే నర్సమ్మ ముందు తెల్లన్నం తగ్గించమంది. అతను మూడు పూటలా అదే తింటాడు. అక్క కొర్రన్నం వండి తెస్తే గిన్నె మూత కూడా తీయలేదు.

"కరువులో తిన్నాం చాల్లే అక్కా. మళ్లా ఆ రోజులు తెస్తావా ఏంది?"

"ఆ కరువులో నడిచి తిరిగినావు గదరా."

అతను నవ్వి లారీ ఎక్కాడు.

ఆ పల్లెలో ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని పేర తీసి దాస్తారు. నెలకోసారి ఆ బియ్యంతోనే చర్చిలో ప్రేమవిందు. వండేది లిదియమ్మ. ప్రార్థన చేసిన కూడు కాదనడం అక్కడ లేదు. జయపాల్ కూడా ఏనాడూ కాదనలేదు. ఆ సంగతి తట్టినప్పటినుంచి ఆమెకు కుదురు లేదు. కూర్చుంటే లేస్తుంది. లేస్తే ఎందుకు లేచిందో మరిచిపోతుంది.

శనివారం బియ్యం మూట ఆటోలో వేసుకుని మర్రిపాడు పోయింది. మెట్టచేలో కొర్ర వేసే మాల్యాద్రికి అది ఇచ్చి, మర పట్టిన కొర్రలు తెచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం చర్చి అయ్యగారు ప్రార్థన ముగించాకే మూతలు తీసింది.

అయ్యగారి భార్య కృపారాణి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "బియ్యం ఏవి లిదియమ్మా?"

"మార్చినాను."

"అందరి పిడికెడూ మార్చేదానికి నువ్వెవరు?"

లిదియమ్మ గరిటె అందుకుని వడ్డించసాగింది. తప్పని ఆమెకూ తెలుసు.

"నెల్లూరు జిల్లాలో పుట్టి పిట్టల మేత తినాల్నా?" అని ముసలి చెంచయ్య గొణిగాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "మా అవ్వ చేసినట్టే ఉండాది. పప్పు ఎయ్యమ్మే ఇంకొంచెం."

జయపాల్ విస్తరి ముందు కూర్చుని అక్కను చూశాడు. ఆమె అతని పాదాన్ని చూస్తోంది. వేలికి కట్టిన గుడ్డ మీద చీమ పాకుతోంది.

"గెలిచినావులే," అన్నాడు. తల వంచుకుని అంతా తిన్నాడు.

మధ్యాహ్నమంతా ఆమె అంట్లు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. తిన్నది ఒక్క పూట. మళ్లీ విందు నెలకు. పుండు నెల ఆగుతుందా? గిన్నెలు వదిలేసి, చేతులు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది.

సోమవారం తెల్లారేసరికి చర్చి వెనక పొయ్యి మీద మిగిలిన కొర్రలు ఉడుకుతున్నాయి. పక్కనే ఉన్న అయ్యగారి ఇంట్లోంచి కృపారాణి తలుపు తీసింది. "విందు నిన్ననే అయిపోయింది గదా?"

"అయ్యగారిని ప్రార్థనకు పిలవండమ్మా. ఈసారి అందరికీ చెప్పే వండినాను. ఇష్టమున్నవాళ్లు బియ్యం బదులు కొర్రలు తీస్తామన్నారు. పనికి పోయేవాళ్లు గిన్నెలు తెచ్చుకుంటారు."

ప్రార్థన కాగానే మొదటి గిన్నె నింపుకుని తమ్ముడింటికి పోయింది. జయపాల్ అప్పటికే లారీ ఎక్కి ఉన్నాడు. గిన్నె అతని చేతికందించి, అతను మూత తీసేదాకా బండికి అడ్డంగా నిలబడింది.