మిగిలిన ఆక్సిజన్

బోధన్‌లో పదో తరగతి చదివేటప్పుడు మా కెమిస్ట్రీ సార్ సమీకరణాలను మనుషులతో నేర్పేవాడు. ఇద్దరమ్మాయిలు హైడ్రోజన్, ఇద్దరు ఆక్సిజన్. చేతులు పట్టుకొని నీళ్లు కావాలి. ఆ రోజు జట్టు కట్టించే పని నాకిచ్చాడు. నీటికి ఒక్క ఆక్సిజనే చాలు, ఇంకొకటి మిగిలిపోయింది. ఆ ఇద్దరు ఆక్సిజన్లలో ఒకమ్మాయి పొద్దున్నే తల్లితో కూర్చుని బీడీలు చుట్టి వచ్చేది. చేతులు పొగాకు వాసన కొట్టేవి.

"నువ్వు బయటికి నడువ్, సరిపోతది" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె వరండాలోకి వెళ్లింది.

సార్ నా అరచేతి మీద బెత్తంతో ఒక్కటేశాడు. "పరమాణువును బయట పారేస్తవా? ఒక్కటి గూడ తక్కువ గావద్దు. ఇంకో ఇద్దరు హైడ్రోజన్లను పిలువ్."

నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఇద్దరిని పిలిచాను. వరండాలో ఉన్నామెకు బదులు రెండో ఆక్సిజన్‌గా నా బెంచీ స్నేహితురాలిని నిలబెట్టాను. రెండు వైపులా సమానమైంది. సార్ తలలు లెక్కపెట్టి "శభాష్" అన్నాడు.

బెల్లు కొట్టేదాకా ఆ అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి నావైపు చూస్తూ ఉంది. లోపలికి పిలవడం సార్ మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.