కళ్ళు మూసుకుని గేరు చూసే బావ

మా బావ ఇంతవరకు ఒక్క కారునూ కళ్ళు తెరుచుకుని బాగుచెయ్యలేదు. పాత కార్లలో బిగుసుకుపోయిన గేర్లను సరిచెయ్యడం ఆయన వృత్తి. షెడ్డు నిండా రెంచీలు వేలాడుతుంటాయి గానీ, ఆయన ముందుగా వాడేది మాత్రం కనురెప్పలే.

కారు రాగానే బానెట్ ఎత్తడు. తెచ్చినవాళ్ళనే తోలమని, తను పక్క సీట్లో చేరగిలబడి, గేరు రాడ్ మొదలు మీద రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. వెనక సీటు నాది.

"పోనివ్వండి" అంటాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

కారు మూతపడిన మిల్లు గోడ వెంట వెళుతుంది. ఆ గోడ చాలా పొడుగు. పక్కనే చెట్లు. నీడలు ఒక్కొక్కటే అద్దం మీదికి వచ్చి, మా ఒళ్ళో కాసేపు కూర్చుని, దిగిపోతుంటాయి. గోడ అయిపోయేసరికి ఎంత తొందరలో వచ్చిన మనిషైనా నెమ్మదిగా మాట్లాడతాడు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. కాళ్ళకి చక్రాలున్న మనిషి. రెండు నిమిషాలకే నావైపు తిరిగి, "ఈయన నిద్రపోతున్నాడా?" అన్నాడు.

"లేదండీ, పనిలో ఉన్నారు."

"నోరు తెరుచుకునుందేంటి?"

"గట్టి పనైతే అంతేనండీ."

బావ కళ్ళు తెరవకుండానే, "రెండో గేరు ఒక్కటే మొండికేస్తోంది. ఆయిల్ జిగురైపోయింది, మార్చేద్దాం" అన్నాడు. కాంట్రాక్టరు షెడ్డుకు తిరిగొచ్చాక కూడా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆకుల నీడలు చూస్తూ కూర్చుండిపోయాడు. చివరికి టీ ఇచ్చి లేపాల్సి వచ్చింది.

ఇంట్లోనూ ఇదే వరస. అక్క ఏదో చెబుతుంటే ఈయన కళ్ళు మూసుకుంటాడు.

"వింటున్నారా?" అంటుంది అక్క.

"వింటున్నా. మూడో మాట దగ్గర కాస్త బిగుసుకుంది."

ఆ విద్య పట్టుబడాలని పద్దెనిమిదేళ్ళు నేనూ తంటాలు పడ్డాను. కళ్ళు మూసుకుంటే నాకు నా ఆకలి తప్ప ఏదీ వినపడేది కాదు. అక్క చూసి, "ఒరే, నువ్వైనా కళ్ళు తెరువు. ఈ కొంపలో ఒక్కడైనా మేలుకుని ఉండాలి" అని మొత్తుకునేది.

అలాంటి రోజుల్లో లేత నీలం రంగు పాత కారొకటి వచ్చింది. రిటైరైన లెక్కల టీచరమ్మది. పక్కన కొడుకు.

"అమ్మకి గేర్లు పడట్లేదండీ" అన్నాడు కొడుకు. "మొన్న నడిరోడ్డు మీద ఆగిపోయింది. కారు తాళాల్లో ఒకటి ఇప్పటికే నా జేబులో ఉంది. లోపం కారులో లేదని మీరంటే రెండోదీ తీసేసుకుంటా."

టీచరమ్మ బావనే చూస్తూ, "మా అక్క నడవలేదు బాబూ. రోజూ సాయంత్రం చెరువుగట్టుకి తీసుకెళతాను. నేను మానేస్తే ఆవిడకి నాలుగు గోడలే" అంది. బావ కళ్ళు మూసుకుని, "పోనివ్వండమ్మా" అన్నాడు.

మొదటి గేరు గర్రుమంది. రెండోది పడనే లేదు. కారు రోడ్డు మధ్యలో నిలిచిపోయింది. వెనక హారన్లు. ఆవిడ గేరు రాడ్‌ను మళ్ళీ మళ్ళీ తోస్తోంది.

"చూశారా!" అన్నాడు కొడుకు.

బావ రెప్ప కదపలేదు. "తొందరేం లేదమ్మా. హారన్ వాళ్ళది, కొట్టుకోనివ్వండి."

మొదటి గేరులోనే ఎలాగో షెడ్డుకు తిరిగొచ్చి చూస్తే విషయం నాకే అర్థమైంది. కొడుకు ముచ్చటపడి కొనిచ్చిన దళసరి మ్యాట్‌ను పాతదాని మీదే పరిచారు. క్లచ్ పెడల్ కింది దాకా దిగకుండా అది అడ్డుపడుతోంది. క్లచ్ పూర్తిగా తొక్కనిదే గేరు ఎలా పడుతుంది? నేను కొడుకును పిలవబోయాను. బావ నా కాలు తొక్కాడు. ఆ పైన ఆయిల్ డబ్బా తీసి, పనిగట్టుకుని ఆ మ్యాట్ మీద ఒలకబోశాడు.

"అయ్యో, పాడుచేశానండీ, క్షమించండి" అన్నాడు కొడుకుతో. "ఇలాంటిది మళ్ళీ వెయ్యకండి. ఈ కారుకి పాతదొక్కటే చాలు, క్లచ్ బాగా ఆడుతుంది. గేరు రాడ్ కింద రబ్బరు బుష్‌లూ అరిగాయి, మార్చేస్తాను. లోపం కారుదే. అమ్మగారిది కాదు."

వాళ్ళు వెళ్ళాక నేను ఊరుకోలేదు. "బావా, నిజం చెప్పు. కళ్ళు మూసుకుంటేనే నీకు తెలుస్తుందా?"

"తెరిచినా అంతే తెలుస్తుంది."

"మరెందుకీ వేషం?"

బావ టీ గ్లాసులోకి చూస్తూ, "పక్కన మెకానిక్ కూర్చుని చూస్తుంటే ఎవరికైనా చెయ్యి తడబడుతుందిరా. పడే గేరు కూడా పడదు. వీడు నిద్రపోతున్నాడులే అనుకుంటే మామూలుగా తోలుకుంటారు" అన్నాడు.

నా పద్దెనిమిదేళ్ళ సాధన బూడిదలో కలిసింది. తిడదామనుకున్నాను గానీ, చెప్పొద్దూ, ఆ నిమిషంలో మా బావ నాకు మహా ముద్దొచ్చాడు.

రెండు రోజుల తర్వాత కారు సిద్ధమైంది. పరీక్షగా చెరువుగట్టు దాకా వెళదామంది టీచరమ్మ. దారిలో వాళ్ళ అక్కగారిని ఎక్కించుకున్నాం. వెనక ఆవిడ, కొడుకు, నేను. ముందు సీట్లో బావ యథాప్రకారం కళ్ళు మూసుకున్నాడు.

"ఈసారైనా కాలు కుదురుగా పెట్టుకో బాబూ" అంది టీచరమ్మ. "మొన్న నీ వైపు లేని బ్రేకుని మలుపు మలుపుకీ తొక్కావు. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగినదాన్ని. దొంగనిద్ర నాకు తెలీదూ?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మాత్రం తెరవలేదు.

మొదటి గేరు. రెండోది. మూడోది పడినట్టు కూడా తెలియలేదు. గట్టెక్కేసరికి ఎండ మెత్తబడింది. నీళ్ళ మీది గాలి అద్దంలోంచి వచ్చి అక్కగారి జుట్టు రేపుతోంది. ఆవిడ చెయ్యి బయటపెట్టి, గాలిని పట్టుకుని వదులుతూ తనలో తనే నవ్వుకుంటోంది. కొడుకు కూడా తెలియకుండానే వెనక్కి వాలాడు.

ఇంతలో ముందు సీట్లోంచి సన్నగా గురక మొదలైంది.

"ఇదీ నటనేనా?" అని నా చెవిలో అడిగాడు కొడుకు.

నేను వంగి బావ కాలు చూశాను. చెప్పులోంచి జారి, ఓ పక్కకి హాయిగా వాలిపోయి ఉంది. ముందు పెద్ద మలుపు వచ్చింది, వెళ్ళింది. కాలు కదల్లేదు.

"కాదండీ. ఇది అసలుదే."

కొడుకు కాసేపు తల్లి చేతినే చూశాడు. జేబులోంచి తాళం తీసి, "అమ్మా, ఇదిగో..." అంటూ ముందుకు వంగాడు.

"నా బ్యాగులో వెయ్యి" అంది టీచరమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మెల్లగా మాట్లాడరా, లేస్తాడు."